జెండా మోసే చేతికి తుపాకీ ఉండదు

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, కుక్కర్‌లో పప్పు పడేసి టీవీ ముందు కూర్చున్నామంటే మా గదిలో యుద్ధం మొదలైనట్టే. నిజం యుద్ధం కాదు లెండి, కంగారు పడకండి. టీవీ తెరమీద జరిగే అంతరిక్ష యుద్ధం. పగలంతా బిల్లులూ, వోచర్లూ, హాజరు పట్టీలూ రాసే చేతులతో రాత్రి పూట లేజరు తుపాకులు పట్టుకుంటాం.

కువైట్‌లో ఫర్వానియా ప్రాంతంలో ఒకే గదిలో ఉండే నలుగురం మేం. ఒకరిది రాజంపేట, ఒకరిది నిజామాబాద్, మిగతా ఇద్దరిదీ గోదావరి జిల్లాలు. నలుగురం ఇంటర్ దాకా చదివి, ఏదో ఒక కంపెనీలో గుమస్తా ఉద్యోగం చూసుకున్నవాళ్ళమే. వయసులు ముప్పై దాటాయి. 'ఈ వయసులో వీడియో గేములేంట్రా' అని ఇంటి దగ్గర వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ ఆటలో మాకు తెలిసొచ్చిన ఒక సంగతి ఉంది. అది తెలిసేలోపు మా గదిలో ఒక మనిషి మూడు వారాలు మాతో సరిగ్గా మాట్లాడలేదు. అందుకే ఇది రాస్తున్నాం.

ఏమిటీ ఆట?

ఆట పేరు 'హేలో ఇన్ఫినిట్'. హేలో అనేది కొత్త పేరేం కాదు. బంజీ అనే సంస్థ తయారుచేయగా మొదటి హేలో 2001 నవంబరు 15న మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్‌తో పాటు వచ్చింది. 2004లో వచ్చిన 'హేలో 2' ఇంటర్నెట్ ద్వారా దేశదేశాల వాళ్ళు ఒకరితో ఒకరు తలపడే పద్ధతిని ఎక్స్‌బాక్స్ మీద జనంలోకి తెచ్చింది. సరిగ్గా మొదటి ఆటకు ఇరవై ఏళ్ళు నిండిన రోజున, అంటే 2021 నవంబరు 15న, హేలో ఇన్ఫినిట్‌లో పదిమంది కలిసి ఆడే భాగాన్ని ఉచితంగా వదిలారు. కథ ఉన్న భాగం డబ్బులు పెట్టి కొనుక్కోవాలి. అది ఆ డిసెంబరు 8న వచ్చింది. దీన్ని తయారుచేసిన సంస్థ పేరు అప్పట్లో 343 ఇండస్ట్రీస్. 2024 అక్టోబరులో హేలో స్టూడియోస్ అని మార్చుకున్నారు.

కథ 26వ శతాబ్దంలో జరుగుతుంది. మనుషుల సైన్యంలో స్పార్టన్లు అనే మహా యోధులుంటారు. నిలువెత్తు కవచం, దాని చుట్టూ కంటికి కనీ కనపడని శక్తి పొర. కలిసి ఆడే భాగంలో మనం అలాంటి స్పార్టన్‌లమే. రెండు జట్లుగా చీలి శిక్షణ పోటీల్లో తలపడతాం. మామూలు పోటీలో అటు నలుగురు, ఇటు నలుగురు. పెద్ద మైదానాల పోటీలో అటు పన్నెండు, ఇటు పన్నెండు. అందులో జీపులూ, ట్యాంకులూ కూడా ఉంటాయి.

మేం దీన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం గొప్పదేమీ కాదు. ఖర్చు లేదు! తలా ఇంత వేసుకుని ఒక పాత ఎక్స్‌బాక్స్ కొన్నాం. ఉచిత ఆటలకు నెలనెలా చందా కట్టనక్కర్లేదని మైక్రోసాఫ్ట్ 2021 ఏప్రిల్‌లోనే నిబంధన తీసేసింది. టీవీని రెండు ముక్కలు చేసుకుని ఇద్దరం ఆడతాం. మిగతా ఇద్దరూ తమ ల్యాప్‌టాప్‌ల మీద అదే జట్టులో చేరతారు. ఎక్స్‌బాక్స్ వాళ్ళూ కంప్యూటర్ వాళ్ళూ కలిసి ఆడే వీలు ఇందులో ఉంది. నలుగురం, ఒకే గది, ఒకే జట్టు. ఇంకేం కావాలి అనుకున్నాం.

పాత అలవాట్లు పట్టి లాగాయి

మేం తుపాకీ ఆటలకు కొత్తవాళ్ళం కాదు. ఇంటర్ చదివే రోజుల్లో నెట్ సెంటర్‌లో గంటకింత ఇచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్ళమే. తర్వాత ఫోన్లలో పబ్జీ వచ్చింది. 2020 సెప్టెంబరులో మన దేశంలో దాన్ని నిషేధించేదాకా ఊళ్ళో మా తమ్ముళ్ళు అటూ, ఇక్కడ మేం ఇటూ కలిసి ఆడినవాళ్ళమే. ఆ ధైర్యంతోనే హేలోలోకి దిగాం. మొదటి రాత్రి వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయాం.

ఎందుకు ఓడిపోయామో చాలా రోజులు అర్థం కాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. కౌంటర్ స్ట్రైక్‌లో మంచి తుపాకీతో తలకి గురి కుదిరిందంటే ఎదుటివాడు ఒక్క గుండుకే పడతాడు. అందుకని గోడ పక్కన నక్కి, వాడు మూల తిరిగే క్షణం కోసం కాచుకుంటాం. పబ్జీలో ఒకసారి చచ్చామంటే చాలావరకు ఆట అయిపోయినట్టే. అందుకని గడ్డిలో బోర్లా పడుకుని ప్రాణం కాపాడుకుంటాం. ముందు చూసినవాడిదే, ముందు కాల్చినవాడిదే గెలుపు అక్కడ.

హేలోలో ముందు కాల్చినవాడు కూడా ఓడిపోవచ్చు. కారణం ఆ శక్తి పొర. దాన్ని అందరూ షీల్డ్ అంటారు. మొదట షీల్డ్ పోవాలి, తర్వాతే ఒంటికి దెబ్బ తగులుతుంది. కాసేపు దెబ్బ తగలకపోతే ఆ షీల్డ్ దానంతటదే మళ్ళీ నిండుతుంది. అంటే సగం కొట్టి వదిలేసిన శత్రువు గోడ వెనక్కి వెళ్ళి కొత్త పెళ్ళికొడుకులా తిరిగొస్తాడు. మనం ఖర్చుపెట్టిన గుళ్ళన్నీ దండగ. ఇక్కడ గెలిచేది ఒక్క క్షణం గురి కాదు. మొదలుపెట్టిన దెబ్బను చివరిదాకా తప్పకుండా కొట్టగలగడం.

రెండో తేడా ఏమిటంటే, చచ్చినవాడు కొన్ని సెకన్లలో మళ్ళీ పుడతాడు. కాబట్టి ప్రాణానికి పబ్జీలో ఉన్నంత విలువ ఇక్కడ లేదు. ఏ పని చేస్తూ పోయింది అన్నదానికే విలువ. ఈ మాట మాకు మింగుడు పడడానికే ఎక్కువ కాలం పట్టింది.

తుపాకీ లెక్క కుదరడం

ముందు తుపాకుల సంగతి చెబుతాం. మామూలు పోటీలో అందరికీ మొదట ఇచ్చేవి రెండే. ఎంఏ40 అనే అసాల్ట్ రైఫిల్, సైడ్‌కిక్ అనే పిస్తోలు. కౌంటర్ స్ట్రైక్‌లో లాగా డబ్బున్నవాడికి పెద్ద తుపాకీ, లేనివాడికి చిన్న తుపాకీ అనే తేడా లేదు. మొదట్లో అందరూ సమానమే. మిగతా ఆయుధాలన్నీ మైదానంలోనే గోడలకు తగిలించి ఉంటాయి, వెళ్ళి తీసుకోవాలి.

అసాల్ట్ రైఫిల్‌లో 36 గుళ్ళు. దూరంగా ఉన్నవాడి మీద మీట నొక్కి పట్టుకుని ఉంచితే గుళ్ళు చెదిరిపోతాయి. మేం మొదట్లో చేసింది అదే. నాలుగైదేసి గుళ్ళ చొప్పున ఆపి ఆపి కాల్చాలని తర్వాత నేర్చుకున్నాం. దగ్గరికొస్తే మాత్రం ఛాతీ మీద గురి పెట్టి వదలకుండా కాల్చి, షీల్డ్ పోగానే పిస్తోలు తీసి తలకి ఒకటి పెట్టాలి. షీల్డ్ లేని తలకి పిస్తోలు గుండు తగిలితే పడిపోవాల్సిందే. ఈ రెండు తుపాకుల మార్పిడి చెయ్యి తిరగడానికి మాకు నెల పట్టింది.

బీఆర్75 అనే బ్యాటిల్ రైఫిల్ ఒకటుంది. మీట ఒకసారి నొక్కితే మూడు గుళ్ళు వెళతాయి. గురి తప్పకపోతే నాలుగు నొక్కులకు మనిషి పడతాడు. మూడు నొక్కులు షీల్డ్‌కి, నాలుగోది తలకి. ఒకప్పుడు ర్యాంకుల పోటీలో చేతికిచ్చేది ఇదే. మా నిజామాబాద్ తమ్ముడు దీన్ని ఇష్టపడి నేర్చుకున్నాడు. 'అన్నా, మూడు పొరకు, ఒకటి పుర్రెకు' అని వాడు పాఠం అప్పజెప్పినట్టు అంటుంటే మేమూ పట్టుకున్నాం.

ఇంకో మెలిక ఉంది. ప్లాస్మా తుపాకులు షీల్డ్‌ని త్వరగా కరిగిస్తాయి, ఒంటి మీద అంత పదును చూపవు. ప్లాస్మా పిస్తోలు మీట నొక్కి పట్టుకుని వదిలితే ఆ ఒక్క ముద్ద తగిలినవాడి షీల్డ్ మొత్తం ఊడిపోతుంది. అంటే ఒకడు ప్లాస్మాతో పొర తీసేస్తే, పక్కవాడు ఒక్క గుండుతో పని ముగించవచ్చు. ఇద్దరు కలిస్తే ఎంత సులువో చూడండి. ఒక్కడే చెయ్యాలంటే అంత కష్టం.

చేత్తో కొట్టే దెబ్బకూ విలువుంది. వెనక నుంచి కొడితే నిండు షీల్డ్ ఉన్నవాడు కూడా ఒక్క దెబ్బకే పడతాడు. ఎదురుగా అయితే రెండు దెబ్బలు. అందుకే ఈ ఆటలో వీపు గోడకు ఆనించి నిలబడేవాడు తెలివైనవాడు.

తెర మూల రాడార్ ఒకటుంటుంది. పరిగెత్తే, కాల్చే శత్రువు అందులో ఎర్ర చుక్కలా కనబడతాడు. వంగి మెల్లగా నడిచేవాడు కనబడడు. మేం మొదట్లో ఎక్కడికైనా పరుగే. 'ఇదిగో వస్తున్నాం, కాల్చుకోండి' అని కబురు పంపి మరీ వెళ్ళినట్టు ఉండేది. ర్యాంకుల పోటీలో ఈ రాడార్ ఉండదు, కళ్ళూ చెవులే ఆధారం.

అక్కడ అంటే యాడరా?

గురి కొంచెం కుదిరాక కూడా ఓటములు ఆగలేదు. ఈసారి కారణం మా నోళ్ళు. ఎవడికి శత్రువు కనబడినా అరుపే.

'అక్కడ! అక్కడ! కొట్టండ్రా!'

'అక్కడ అంటే యాడరా?' అని రాజంపేట అన్న విసుక్కునేవాడు.

'అదే అన్నా, నా ముందర!'

నా ముందర అంటే నీ టీవీ ముక్కలో ముందర. పక్కవాడి ముక్కలో అది వెనక. నలుగురం అరిచేవాళ్ళం, ఒక్కరికీ ఏమీ తెలిసేది కాదు. పక్క గది మలయాళీ సోదరులు గోడ కొట్టేవాళ్ళు, అది మాత్రం బాగా తెలిసేది.

తర్వాత ఒక శుక్రవారం కూర్చుని ప్రతి మైదానానికీ మా సొంత పేర్లు పెట్టుకున్నాం. బజార్ అనే మైదానం ఉంది. కెన్యాలోని మొంబాసా నగరంలో సంత వీధిలా కట్టారు. అందులో 'అంగడి', 'మేడ', 'సందు' అని మూడు పేర్లు. అక్వేరియస్ అనే మైదానంలో మధ్యలో మొక్కలుంటాయి, దాన్ని 'తోట' అన్నాం. 'సందులో ఇద్దరు' అంటే చాలు, నలుగురికీ అర్థమవుతుంది. షీల్డ్ పోయిన శత్రువును చెప్పడానికి 'తొక్క తీశా' అని మాట పెట్టుకున్నాం. 'మేడ మీద ఒకడు, తొక్క తీశా' అని వినబడితే దగ్గరున్నవాడు వెళ్ళి ఒక్క గుండుతో పూర్తి చేస్తాడు.

మాట్లాడే వీలు లేనివాళ్ళకి కూడా దారి ఉంది. ఒక మీట నొక్కితే మనం చూస్తున్న చోట గుర్తు పడుతుంది, అది జట్టు మొత్తానికి కనబడుతుంది. భాష రాని తోటి ఆటగాళ్ళతో మేం దీంతోనే నెట్టుకొచ్చాం. ఇక్కడ ఈజిప్టు డ్రైవరుతో, ఫిలిప్పైన్స్ రిసెప్షన్ అమ్మాయితో సైగలతో పని గడుపుకోవడం మనకి కొత్తేం కాదు కదా!

అసలు గెలుపు ఎక్కడుంది?

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. స్లేయర్ అనే పోటీలో మాత్రమే చంపడమే లెక్క. ముందుగా 50 మందిని పడగొట్టిన జట్టు గెలుస్తుంది. మిగతా పోటీల్లో చంపినందుకు జట్టుకి ఒక్క పాయింటు కూడా రాదు. మళ్ళీ చెబుతున్నాం, ఒక్క పాయింటు కూడా రాదు. ఇది తెలిసీ మేం చాలా రోజులు చంపుతూనే కూర్చున్నాం.

జెండా పోటీ చూడండి. ఎదుటి జట్టు స్థావరంలోకి వెళ్ళి వాళ్ళ జెండా ఎత్తుకొచ్చి మన స్థావరంలో పెట్టాలి. జెండా చేతిలో ఉన్నంతసేపు తుపాకీ పేల్చడానికి లేదు. కాల్చాలంటే జెండా కింద పడెయ్యాలి. పైగా మన జెండా మన చోట ఉంటేనే తెచ్చిన జెండా చెల్లుతుంది. మన జెండా వాళ్ళు ఎత్తుకుపోయి ఉంటే మనవాడు గుమ్మం దాకా వచ్చి ఎదురుచూస్తూ నిలబడాల్సిందే.

మన చెడుగుడే గుర్తుచేసుకోండి. కూతకెళ్ళినవాడు ఎంతమందిని తాకితే ఏం లాభం, ఊపిరి ఉండగా గీత దాటి మనవైపు రాకపోతే? జెండా పోటీ కూడా అంతే. వెళ్ళడం సగం పని, తిరిగి రావడమే అసలు పని.

ఆడ్‌బాల్ అనే పోటీలో ఒక పుర్రె ఉంటుంది. అది చేతిలో పట్టుకున్న జట్టుకి సెకనుకి ఒక పాయింటు. వంద పాయింట్లు వస్తే ఒక రౌండు, రెండు రౌండ్లు గెలిస్తే ఆట. పుర్రె పట్టుకున్నవాడూ కాల్చలేడు. వాడు ఎక్కడున్నాడో అందరికీ తెర మీద కనబడుతూనే ఉంటుంది. ఊరందరికీ తెలిసిన చోట, చేతిలో తుపాకీ లేకుండా కూర్చోవాలి. వాడి చుట్టూ ముగ్గురు కాపలా లేకపోతే అయిదు సెకన్లు కూడా బతకడు.

స్ట్రాంగ్‌హోల్డ్స్ పోటీలో మూడు చోట్లుంటాయి. వాటిలో కనీసం రెండు మన చేతిలో ఉంటేనే పాయింట్లు కదులుతాయి. మూడోదాని కోసం నలుగురం పరిగెత్తితే వెనక రెండూ పోతాయి. మాకు ఎన్నిసార్లు పోయాయో లెక్కలేదు. ఆశ ఎక్కువైతే ఉన్నదీ పోతుందని పెద్దలు ఊరికే అనలేదు. 2022 మేలో కింగ్ ఆఫ్ ది హిల్ అనే మరో పోటీ వచ్చింది. అందులో పోరు ఒకే చోటు కోసం. దాని లెక్క తేలాక చోటు ఇంకెక్కడికో మారుతుంది.

రాకెట్ లాంచర్, ఇంధన కత్తి లాంటి పెద్ద ఆయుధాలు ఒక పద్ధతి ప్రకారం మైదానంలోకి మళ్ళీ వస్తుంటాయి. వచ్చేముందు చెవిలో హెచ్చరిక వినబడుతుంది. ఆ ఆయుధం ఎవరికి దొరికితే కాసేపు మైదానం వాళ్ళది. దాన్ని కూడా మేం చంపడానికే వాడేవాళ్ళం, జెండా వచ్చే దారిని ఖాళీ చెయ్యడానికి కాదు.

గదిలో గొడవ

ఇక మా గొడవ. రాజంపేట అన్న మాలో పెద్దవాడు. కౌంటర్ స్ట్రైక్ ఆడిన అనుభవం కూడా అంతగా లేదు. గురి కుదరదు. 'నాకు కాల్చేది రాదు, జెండా నేను తెస్తా పోండి' అని మొదటినుంచీ ఆ పని తనే పెట్టుకున్నాడు. ఆట అయ్యాక పట్టిక వస్తుంది కదా, అందులో ఎవరెంతమందిని చంపారు, ఎన్నిసార్లు చచ్చారు అని ఉంటుంది. మాది పదిహేను, పద్దెనిమిది అని ఉంటే అన్నది రెండు. చావులు పద్నాలుగు.

మేం నవ్వేవాళ్ళం. మొదట సరదాగా, తర్వాత కొంచెం ఎక్కువగా. ఒక రాత్రి వరసగా మూడు ఓడాక మాలో ఒకడు నోరు జారాడు.

'అన్నా, నువ్వు టీ పెట్టరాదే, మేం ముగ్గురం చూసుకుంటాం.'

అన్న ఏమీ అనలేదు. లేచి వెళ్ళి నిజంగానే టీ పెట్టాడు. నాలుగు గ్లాసులు తెచ్చి ఇచ్చి, తన మంచం మీద దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు. మర్నాటి నుంచి గురువారం రాత్రులు ఫోన్ పట్టుకుని కింద కొట్టు దగ్గరికి పోయేవాడు. అన్నం కూడా ముందే తినేసేవాడు.

ఇక్కడ ఉండేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. జ్వరమొస్తే మందు తెచ్చేది గదివాడు. ఇంటి నుంచి చెడ్డ కబురొస్తే పక్కన కూర్చునేది గదివాడు. ఇకామా కాగితాల కోసం వెళ్ళే రోజు తోడొచ్చేదీ వాడే. అలాంటి మనిషిని ఒక ఆట కోసం దూరం చేసుకున్నాం. తప్పు చేశామని లోపల తెలుస్తూనే ఉంది, ఒప్పుకోవడానికే ముఖం చెల్లలేదు.

అన్న స్థానంలో ఎవరో తెలియని ఆటగాడు మా జట్టులోకి వచ్చేవాడు. వాళ్ళు అన్న కంటే బాగా కాల్చేవాళ్ళు. అయినా జెండా పోటీల్లో ఇంకా ఘోరంగా ఓడాం. ఒక్క జెండా కూడా ఇంటికి రాలేదు! చంపిన లెక్కలో మేమే ముందు, పాయింట్లలో సున్నా.

ఈ ఆటలో అయిపోయిన పోటీని మళ్ళీ చూసుకునే వీలు ఉంది, థియేటర్ అంటారు. ఎవరి కళ్ళతో కావాలంటే వాళ్ళ కళ్ళతో చూడొచ్చు. గోదావరి కుర్రాడు ఒకడు, అన్న ఉన్నప్పుడు మేం గెలిచిన పోటీని ముందే దాచి ఉంచాడు. తన గొప్ప చూసుకుందామని దాచుకున్నాడు లెండి. ఆ రోజు ఊరికే అన్న వైపు నుంచి పెట్టి చూశాం.

చూస్తూ చూస్తూ మాట పడిపోయింది మాకు.

అన్న జెండా ఎత్తగానే మా ముగ్గురి కోసం ఒకసారి వెనక్కి చూస్తాడు. మేం మేడ మీద స్నైపర్ వెనకపడి ఉన్నాం. తనొక్కడే సందులో దిగుతాడు. ఎదురుగా ఇద్దరు. జెండాను ముందుకు విసిరి తను పడిపోతాడు. మళ్ళీ పుట్టి నేరుగా ఆ జెండా దగ్గరికే పరుగు. ఇంకో పది అడుగులు ముందుకి. మళ్ళీ పడతాడు. మధ్యలో మన జెండా నేల మీద పడి ఉంటే, దాని పక్కన నిలబడి అది ఇంటికి చేరేదాకా కదలడు. ఆ నిలబడడంలో ఇంకోసారి పోతాడు. ఆ పద్నాలుగు చావుల్లో పదకొండు జెండా దారిలోనే. ఆ పోటీలో మాకు వచ్చిన ప్రతి పాయింటూ అన్న కాళ్ళ మీద నడిచి వచ్చిందే.

మేం చంపిన పద్దెనిమిది మంది సంగతా? అందులో సగం మంది జెండాకి ఎక్కడో దూరంగా ఉన్నవాళ్ళు. వాళ్ళు బతికున్నా, చచ్చినా ఆటకి తేడా లేదు.

మాలో ఒకడు అన్నాడు, 'మనం ఆఫీసులో చేసేది ఇదే కదరా' అని. నిజమే. సంతకం పెట్టే అధికారం మనకి లేదు. ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్లకి, ఆ అంతస్తు నుంచి ఈ అంతస్తుకి మోసేది మనమే. పని అయ్యాక పేరు సంతకం పెట్టినవాడిది. ఆ బాధ రోజూ పడేవాళ్ళమే అయ్యుండి, మన గదిలో ఫైలు మోసినవాడికి మనమూ అదే చేశాం.

ఆ రాత్రి కింద కొట్టు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఏం మాట్లాడాలో తెలియక కాసేపు నిలబడ్డాం. చివరికి తమ్ముడే అన్నాడు.

'అన్నా, తప్పయింది. జెండా తెచ్చెటోడు లేక మేం ఉత్తగ కాల్చుకుంట కూసున్నం.'

అన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. 'కాల్చేది రాదురా నాకు' అన్నాడు.

'నువ్వు కాల్చొద్దన్నా. నీ ముందర మేం కాలుస్తం.'

ఆయన నవ్వలేదు గానీ మాతో పాటు మెట్లెక్కాడు.

ఇప్పుడు ఎలా ఆడుతున్నాం

ఇప్పుడు మా పద్ధతి మారింది. అన్న జెండా మీద చెయ్యి వెయ్యకముందే 'తీసుకోనా?' అని అడుగుతాడు. ముగ్గురం షీల్డ్ నింపుకుని 'తీస్కో' అన్నాకే ఎత్తుతాడు. ఒకడు దారికి ముందు నడుస్తాడు, ఒకడు వెనక కాస్తాడు, ఒకడు మన జెండా దగ్గర ఉంటాడు. ముందు నడిచేవాడి చావు కూడా ఇప్పుడు దండగ కాదు, వాడు గుళ్ళు తిన్న ఆ మూడు సెకన్లలో అన్న సందు దాటేస్తాడు. అన్ని ఆటలూ గెలుస్తున్నామని గొప్పలు చెప్పం. ఇప్పటికీ సగం ఓడతాం. కానీ ఓడినప్పుడు ఎందుకు ఓడామో నలుగురం ఒకే మాట చెప్పగలుగుతున్నాం.

కొత్తగా మొదలుపెట్టే సోదరులకి మేం నేర్చుకున్నవి నాలుగు ముక్కలు చెబుతాం. నేరుగా మనుషుల మీదికి వెళ్ళకండి. ఆటలో అకాడమీ అనే విభాగం ఉంది. అక్కడ ఒక్కో తుపాకీతో బొమ్మల మీద సాధన చెయ్యొచ్చు. కంప్యూటర్ నడిపే ప్రత్యర్థులు నాలుగు స్థాయుల్లో ఉంటారు. కింది స్థాయి నుంచి మొదలుపెట్టి, మూడో స్థాయివాళ్ళని తేలిగ్గా ఓడించగలిగాక బయటికి రండి.

ఇంటర్నెట్‌కి వీలైతే వైఫై కాకుండా తీగ వాడండి. సర్వరు ఎంత దూరమైతే మన దెబ్బ అంత ఆలస్యంగా చేరుతుంది. గోడ వెనక్కి వచ్చేశాక కూడా చచ్చిపోవడం అందుకే. మన తప్పు కానిదానికి పక్కవాణ్ణి తిట్టకండి. కంట్రోలర్ వాడేవాళ్ళకి గురి విషయంలో ఆట కొంత సాయం చేస్తుంది, మౌస్ వాడేవాళ్ళకి ఆ సాయం లేదు. ఏది మీ చేతికి అలవాటో దాంతోనే ఉండండి.

కవచానికి రంగులూ, అలంకారాలూ డబ్బులకి అమ్ముతారు. వాటివల్ల బలం పెరగదు, చూపులకే. ఆ దీనార్లు ఇంటికి పంపితే పిల్లల పుస్తకాలకి వస్తాయి. హెడ్‌ఫోన్‌లో తెలియనివాళ్ళు బూతులు తిడితే వాళ్ళ గొంతు మూసెయ్యండి, ఒక్క మీట చాలు. మరుసటి రోజు డ్యూటీ ఉంటే పదకొండుకి ఆపెయ్యండి. నిద్రమత్తులో బిల్లులో ఒక సున్నా ఎక్కువ రాసి మేం పడ్డ పాట్లు మీకొద్దు.

చివరగా, ఆట అయ్యాక పట్టిక వచ్చినప్పుడు చంపిన లెక్క ఒక్కటే చూసి మనిషిని తూచకండి. జెండా ఎవరు మోశారు, పుర్రె ఎవరు పట్టుకున్నారు, మీరు చంపుతున్నంతసేపు మీ చోటు ఎవరు కాశారు అని ఒకసారి అడగండి. జెండా మోసే చేతికి తుపాకీ ఉండదు. వాడి తుపాకీ మీరే.

ఇది రాస్తుండగా అన్న వంటగదిలోంచి కేకేశాడు, టీ కావాలా అని. ఈసారి మేమే పెడతామని చెప్పాం.